సోలారు పలక పెట్టడం తేలిక, నిలబెట్టుకోవడమే కష్టం

కుందలహళ్ళిలో మన చేనేత కుటుంబాల ఫెడరేషన్ వార్షికోత్సవ సభలో ఒక చేనేత సహకార సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగం



మేము ఎనిమిదో తరగతి దాకా చదివాం. ఆ తర్వాత మా నాన్నగారు తీసుకెళ్ళి మగ్గం గుంటలో కూర్చోబెట్టారు. చూపు ఆనినంత కాలం నేశాం. ఇరవై ఏళ్ళ పైగా సంఘం పద్దులు రాస్తున్నాం. అలాంటి మమ్మల్ని పిలిచి, వాతావరణం మారిపోవడం గురించి, సోలారు కరెంటు గురించి మాట్లాడమన్నారు. ముందు నవ్వొచ్చిందండి. ఇక్కడ కంప్యూటర్ల కంపెనీల్లో పనిచేసే మీ పిల్లలకి తెలియనిది మేమేం చెప్తాం? కానీ తర్వాత ఆలోచిస్తే, చెప్పాల్సింది ఒకటి ఉందనిపించింది. అది మేము చేసిన తప్పు గురించి. అందుకే ఒప్పుకున్నాం.

మాది ఉప్పాడ పక్క ఊరు. ఉప్పాడ జాందానీ అంటే మీకు చెప్పక్కర్లేదు. 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చిన చీర. మీ పెట్టెల్లో ఒకటైనా ఉండే ఉంటుంది. ఆ చీర పుట్టిన ఊరిని సముద్రం ఏటా కొంచెం కొంచెం కోసుకుపోతోంది. మా చిన్నతనంలో గాలిపటాలు ఎగరేసిన చోట ఇప్పుడు అలలు ఎగురుతున్నాయి. ఇళ్ళు పోయాయి, గుడి పోయింది, కొబ్బరిచెట్లు పోయాయి. అడ్డంగా ఇసుక నింపిన పెద్ద పెద్ద గొట్టాల గోడ వేశారు. తుఫానులు దాన్నీ చీల్చేశాయి. 2025 అక్టోబరులో మొంథా తుఫాను వచ్చినప్పుడు ఉప్పాడ, కాకినాడ బీచి రోడ్డు మళ్ళీ కోసుకుపోయింది.

దీనికంతా సముద్రమట్టం పెరగడం ఒక్కటే కారణమని మేము అనం. కాకినాడ రేవుకి కట్టిన గోడల వల్ల ఇసుక నడక మారిందని, గోదావరి నుంచి వచ్చే ఒండ్రు తగ్గిందని చదువుకున్నవాళ్ళు చెప్తారు. అవీ ఉన్నాయి. దాని మీద సముద్రం వేడెక్కి, మట్టం పెరిగి, తుఫాను ఉధృతం కూడా తోడైంది. రోగం ఒకటి కాదు, రెండు మూడు కలిసి వచ్చాయి.

గుంట మగ్గం ఉన్న ఇంట్లోకి నీరు వస్తే ఏమవుతుందో నేతింటి వాళ్ళకి చెప్పాలా? ముందు నిండేది గుంటే. పడుగు తడుస్తుంది. గంజి వదిలిపోతుంది. తిరిగి వీధిలో పడుగు పరిచి గంజి పెట్టాలంటే ఎండ కావాలి, అది వారం దాకా రాదు. కరెంటు ఉండదు. జాందానీ బుటా ఎత్తాలంటే ఒక్కొక్క పోగూ కంటికి కనపడాలి. వెలుతురు లేకపోతే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే కూలి ఆగుతుంది. 2014లో హుద్‌హుద్ తుఫాను విశాఖని కొట్టినప్పుడు జనం ఎన్ని రోజులు చీకట్లో ఉన్నారో ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవాళ్ళని అడగండి.

ఇది సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ళ గొడవ, మనకెందుకు అనుకోవద్దు. ఈ కుందలహళ్ళి సముద్రానికి దాదాపు మూడు వేల అడుగుల ఎత్తున ఉంది. అయినా 2022 సెప్టెంబరులో ఈ చుట్టుపక్కల రోడ్ల మీద ట్రాక్టర్లెక్కి ఆఫీసులకి వెళ్ళారు కదా! 2024 మార్చి వచ్చేసరికి అదే ఊళ్ళో బోర్లు ఎండి, నీళ్ళ ట్యాంకరు కోసం కాపలా కాశారు. రెండేళ్ళలో రెండూ చూశారు.

ఇక ద్వీపాల సంగతికి వస్తాం. ఇది మాకు చెప్పింది ఇక్కడ బ్రూక్‌ఫీల్డులో ఉండే మా తమ్ముడి మనవరాలు. పోయినసారి వచ్చినప్పుడు, "తాతయ్యా, తువాలు అని ఒక దేశం ఉంది తెలుసా?" అంది. "మా గోడౌనులో డజన్ల లెక్కన ఉన్నాయమ్మా, అమ్ముడుపోవట్లేదు" అన్నాం. అది పడీ పడీ నవ్వింది. తర్వాత ఫోనులో చూపించింది. నిజంగానే దేశమండి. పసిఫిక్ సముద్రంలో తొమ్మిది ద్వీపాలు, అన్నీ కలిపితే 26 చదరపు కిలోమీటర్లు. జనం పదకొండు వేలు కూడా లేరేమో, మన చేనేత ఊరు ఒకదానంత. నేల ఎక్కడ ఎత్తుగా ఉన్నా పదిహేను అడుగులే. సముద్రం పెరిగితే వాళ్ళు ఎక్కడానికి మెరక లేదు.

ఇలాంటి చిన్న ద్వీపదేశాలన్నీ కలిసి గాలిలోకి వదిలే పొగ, ప్రపంచం మొత్తం వదిలేదాంట్లో నూటికి ఒక వంతు కూడా లేదు. పొగ ఒకళ్ళది, మునక ఒకళ్ళది. 1990లో వాళ్ళంతా కలిసి ఒక కూటమి కట్టారు. 2009లో మాల్దీవుల ప్రెసిడెంటు, మంత్రులు సముద్రం అడుగున కూర్చుని కేబినెట్ మీటింగు పెట్టి కాగితం మీద సంతకాలు చేశారు. మేము మునిగాక ఇలాగే ఉంటుంది చూడండి అని ప్రపంచానికి చూపించడానికి.

ఈ ద్వీపాలు మనకి పరాయివి కూడా కావు. మా కాకినాడ పక్కనే కోరంగి రేవు ఉండేది. ఒకప్పుడు ఓడలు కట్టిన ఊరు. 1839 ఉప్పెన దాన్ని తుడిచిపెట్టింది. ఆ కోరంగి పేరు మారిషస్‌లో ఇప్పటికీ ఉంది. 1834 నుంచి చెరకు తోటల పనికి ఓడల్లో వెళ్ళిన కూలీల్లో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళని అక్కడ కోరంగివాళ్ళు అని పిలిచేవారట. వాళ్ళు దిగిన రేవు మెట్లు ఆప్రవాసీ ఘాట్‌ని 2006లో యునెస్కో వారసత్వ స్థలంగా గుర్తించింది. అక్కడ 1947లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఉగాదికి దేశమంతా సెలవు. అలాగే 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీకి వెళ్ళారు. అక్కడ 1941లో ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. మనవాళ్ళే, మనలాగే సంఘాలు కట్టుకున్నవాళ్ళే.

ఆ మారిషస్‌లో మనవాళ్ళు నరికిన చెరకే ఇప్పుడు దీపం కూడా వెలిగిస్తోంది. గానుగాడిన పిప్పిని కాల్చి, ఆవిరితో కరెంటు తీసి, మిల్లు వాడుకోగా మిగిలింది ఊళ్ళకి ఇస్తారు. 1957 నుంచే ఈ పని మొదలుపెట్టారు. అలాగని అంతా పిప్పితోనే నడుస్తుందని కాదు. ఇప్పటికీ ఎక్కువ భాగం బయటి నుంచి తెచ్చుకున్న నూనె, బొగ్గుతోనే. 2030 కల్లా నూటికి 60 వంతులు ఎండ, గాలి, పిప్పి లాంటివాటితో చేస్తామని, బొగ్గు మానేస్తామని మాటిచ్చారు. నిలబెట్టుకుంటారో లేదో చూడాలి.

నూనె మీద బతికితే ఏమవుతుందో వాళ్ళు 2020లో కళ్ళారా చూశారు. వకాషియో అనే పెద్ద ఓడ జులై 25న వాళ్ళ తీరంలో పగడపు దిబ్బ ఎక్కేసింది. రెండు వారాల్లోపే దాని నూనె వెయ్యి టన్నుల దాకా నీళ్ళలో కలిసింది. అప్పుడు జనం ఏం చేశారో తెలుసా? ఆడామగా వీధిలో కూర్చుని, గుడ్డ కుట్టి పొడుగాటి సంచులు చేసి, వాటిలో చెరకు ఆకు కూరి, నూనెకి అడ్డంగా నీళ్ళలో తేలేశారు. ఆ ఫోటో చూపిస్తే మాకు కళ్ళు చెమర్చాయి. ఆపద వస్తే చేతికి అందేది గుడ్డా సూదే.

ఫిజీలో ఇంకోటి జరిగింది. వునిదోగొలోవా అనే ఊళ్ళోకి పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీళ్ళు వచ్చేవి. 2014లో ఆ ఊరు ఊరంతా రెండు కిలోమీటర్ల లోపలికి కదిలింది. ప్రభుత్వం సాయపడింది, ఊరివాళ్ళు కలప ఇచ్చారు, చెయ్యి వేశారు. తాతల సమాధులు వదిలి వెళ్ళడానికి ముసలివాళ్ళు ఏడ్చారట. ఆ ఏడుపు మాకు అర్థమవుతుంది. ఎందుకో చివర్లో చెప్తాం.

ఇప్పుడు అసలు సంగతి. మా తప్పు.

పన్నెండేళ్ళ కిందట మా సంఘం మగ్గాల షెడ్డు మీద సోలారు పెట్టించాం. ఒక దాత ముందుకొచ్చారు. ఎనిమిది పలకలు, నాలుగు పెద్ద బ్యాటరీలు, ప్రతి మగ్గం మీదా ఒక దీపం. పూలదండలు వేశాం, రిబ్బను కత్తిరించాం, పాలరాతి మీద పేర్లు చెక్కించాం. మొదటి ఏడాది బ్రహ్మాండం. కరెంటు పోయినా చీర దిగేది. రెండో ఏడు ఎవరో దీపాల తీగకి టీవీ తగిలించారు. క్రికెట్ ఉందన్నారు, మేమూ చూశాం, అబద్ధమెందుకు. ఇంకెవరో ఫ్యాను తగిలించారు. బ్యాటరీల్లో నెలనెలా డిస్టిల్డు వాటరు పొయ్యాలని పెట్టినతను చెప్పి వెళ్ళాడు. ఎవరు పొయ్యాలి? అది ఏ పద్దులో రాయాలి? మేము రాయలేదు. నాగేశ్వరుడు పోస్తాడని నరసింహుడు, నరసింహుడు పోస్తాడని నాగేశ్వరుడు. మూడో ఏడు మొదట్లోనే బ్యాటరీలు చచ్చిపోయాయి. కొత్తవి కొనడానికి ఒక్క రూపాయి దాచలేదు. పలకలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. వాటి మీద మా వాళ్ళు వడియాలు పెట్టుకునేవాళ్ళు. బాగా ఎండేవి కూడాను.

చాలా ఏళ్ళు మేము ఆ సామాను అమ్మినవాళ్ళని తిట్టుకున్నాం. సోలారు అంతా మోసం అన్నాం. మా మనవరాలు చదివి వినిపించాక తెలిసింది, తప్పు సామానుది కాదు.

ఆ తువాలులో 1984లోనే ఒక సహకార సంఘం పెట్టారు. తువాలు సోలారు విద్యుత్ సహకార సంఘం. మాలాంటి సంఘమే. ఒడ్డుకి దూరంగా ఉన్న ద్వీపాల్లో ఇళ్ళకి పలక, బ్యాటరీ, దీపాలు ఇచ్చి, చేరిక రుసుము, నెలసరి చందా పెట్టారు. కిరోసిను దీపం పక్కన తెల్లటి వెలుగు వచ్చేసరికి జనం సంతోషించారు. పేరు కూడా వచ్చింది. కానీ 1990లు వచ్చేసరికి అజమాయిషీ సడలింది, డబ్బు లెక్కలు చెడ్డాయి, సంఘం పడిపోయింది. ఇది వింటుంటే మా సంఘం మినిట్సు పుస్తకమే చదువుతున్నట్టు అనిపించింది.

దాని పక్కనే కిరిబాటి అని ఇంకో దేశం. రాసేది అలా, పలికేది కిరిబాస్ అనట. అక్కడా 1984లోనే ఒక సోలారు కంపెనీ పెట్టారు. మొదట్లో పలకలు, బ్యాటరీలు జనానికి అమ్మేశారు. కొన్నవాడు వాడుకున్నాడు, పాడైతే తనే చూసుకోవాలి. డబ్బు మిగిల్చుకోవాలని చిన్న బ్యాటరీ కొన్నారు, సన్న తీగ వేశారు, బ్యాటరీని కాపాడే పెట్టెని తప్పించి నేరుగా తగిలించుకున్నారు. కొన్నేళ్ళ తర్వాత లెక్క తీస్తే చాలా భాగం సరిగ్గా పనిచేయడం లేదు. కంపెనీ మూతపడే స్థితికి వచ్చింది.

అప్పుడు వాళ్ళు పద్ధతి మార్చారు. పలకా, బ్యాటరీ ఇంటివాడివి కావు, కంపెనీవి. ఇంటివాడు నెలకి ఇంతని కడతాడు, తొమ్మిది పది ఆస్ట్రేలియా డాలర్లు. దానికి బదులు కంపెనీ మనిషి నెలనెలా ఇంటికొచ్చి బ్యాటరీ చూస్తాడు, నీళ్ళు పోస్తాడు, తీగలు బిగిస్తాడు, డబ్బు తీసుకుని రసీదు ఇస్తాడు. బ్యాటరీ వయసైపోతే ఆ దాచిన డబ్బుతో కొత్తది పెడతాడు. కట్టకపోతే సరఫరా ఆపేస్తారు. 1992లో జపాను సాయంతో యాభై పైచిలుకు ఇళ్ళతో మొదలుపెట్టారు. బాగా నడిచింది. తర్వాత యూరపు దేశాల సాయంతో ఇంకెన్నో ద్వీపాలకి పాకింది.

చూశారా? అదే ఎండ, అదే పలక, అదే సముద్రపు ఉప్పు గాలి. ఒకచోట చీకటి, ఒకచోట వెలుగు. తేడా ఎక్కడుంది? నెలకోసారి వచ్చే మనిషిలో ఉంది. రసీదు పుస్తకంలో ఉంది. మనం నేతవాళ్ళం, మనకిది కొత్తా? మగ్గం ఎంత మంచి కర్రతో చేయించినా, రోజూ తుడిచి, అచ్చు చూసుకుని, తెగిన పోగు అప్పటికప్పుడు అతక్కపోతే చీర దిగుతుందా? కూలిలోంచి త్రిఫ్టు పట్టి దాచడం మనకి అలవాటే. ఆ బుద్ధి పలకల దగ్గర ఏమైందో అని మమ్మల్ని మేమే అడుక్కున్నాం.

పెద్ద ఎత్తున చేసినవాళ్ళూ ఉన్నారు. న్యూజిలాండు కింద ఉండే టొకెలావు అనే మూడు చిన్న ద్వీపాలు 2012లో డీజిల్ జనరేటర్లు పక్కనపెట్టి, నాలుగు వేల పైచిలుకు పలకలతో దాదాపు మొత్తం కరెంటు ఎండలోంచే తీసుకున్నాయి. వాళ్ళు లోకోపకారానికి మాత్రమే చేయలేదు. డీజిలు ఓడ మీద రావాలి, ధర వాళ్ళ చేతిలో లేదు, డబ్బంతా దానికే పోయేది. మన నూలు ధర సంగతి లాంటిదే. ఎవడో దూరాన పెంచితే ఇక్కడ మన కూలి తగ్గుతుంది. ఎండ ధర మాత్రం ఎవడూ పెంచలేడు.

మన దగ్గర్లోనే చూడండి. ఇక్కడి నుంచి నాలుగు గంటల ప్రయాణంలో పావగడ ఉంది. కర్ణాటకే అయినా అక్కడ వినపడేది ఎక్కువగా తెలుగే. కరువు నేల. 2019 ఆఖరుకి 2,050 మెగావాట్ల సోలారు పార్కు పూర్తయింది. రైతుల భూమి కొనలేదు, కౌలుకి తీసుకున్నారు. భూమి పేరు రైతుదే, ఏటా డబ్బు వస్తుంది. భూమి లేని కూలివాళ్ళకి ఏం మిగిలిందన్న ప్రశ్న అక్కడా ఉంది, అదీ మర్చిపోకూడదు.

ఇంకొక మాట. మన మగ్గానికి కరెంటు అక్కర్లేదు, మేమే అందరికన్నా పొగ తక్కువ వాళ్ళం అని మనం చెప్పుకుంటాం. నిజమే. కానీ నూలు మిల్లులో వడికిందే, రంగు కట్టెల పొయ్యి మీద మరిగిందే. గొప్ప ఎంతుందో అంతే చెప్పుకుందాం. చీర మీద చీటీలో "కరెంటు లేకుండా చేత్తో నేసినది" అని వేసుకుంటే అది అబద్ధం కాదు, అమ్మకానికీ పనికొస్తుంది.

ఇప్పుడు మిమ్మల్ని అడగడానికి వచ్చింది అడుగుతాం.

మా సంఘం షెడ్డు సముద్రానికి మరీ దగ్గరైపోయింది. వచ్చే సర్వసభ్య సమావేశంలో తేల్చాలి. పాత చోటే మళ్ళీ బాగుచేయడమా, లోపల మెరక మీద కొత్తది కట్టడమా. మా నాన్నగారు, మీలో చాలామంది నాన్నగార్లు, తాతలు నేసిన గుంటలు అక్కడున్నాయి. ఆ ఫిజీ ముసలివాళ్ళ ఏడుపు అర్థమైందని అన్నది అందుకే. అయినా మా ఓటు కదలడానికే వేస్తాం. సభలో ఈ మాట ఇప్పటిదాకా అనలేదు. మొదటిసారి మీ ముందు అంటున్నాం. మీలో చాలామంది సంఘం సభ్యుల బిడ్డలు. మీ పెద్దలకి ఫోను చేసి నాలుగు మాటలు చెప్పండి. కాదనాలనుకుంటే అదీ చెప్పండి.

కొత్త షెడ్డు మీద సోలారు పెట్టిస్తామని ఇక్కడి కుటుంబాలు ఇప్పటికే మాటిచ్చాయి. చేతులెత్తి దండం పెడుతున్నాం. కానీ కోపం తెచ్చుకోకుండా ఒక్క మాట వినండి. మాకు పాలరాతి మీద పేర్లు చెక్కే దానం ఈసారి వద్దు. పలకలకి ఇచ్చేదాంట్లో సగమే ఇప్పుడివ్వండి. మిగతా సగం బ్యాంకులో వేరే ఖాతాలో వెయ్యండి, బ్యాటరీ మార్చే రోజు దాకా ముట్టకూడదు. మా వైపు నుంచి ప్రతి మగ్గం నెలకి కొంత కడుతుంది. ఎంతన్నది సభ్యులు తేలుస్తారు. ఊళ్ళో ఐటీఐ చదివిన ఒక అమ్మాయినో అబ్బాయినో జీతానికి పెడతాం. ఆ పద్దు మూడు నెలలకోసారి మీ వాట్సాపు గ్రూపులో పెడతాం. పెట్టకపోతే మా కాలరు పట్టుకుని అడగండి. ఈ తీగకి టీవీ తగిలిస్తే ఆ మగ్గానికి దీపం ఆపేస్తాం, అది కార్యదర్శి మగ్గమైనా సరే.

మీ సొంత ఇళ్ళ సంగతి కూడా చూసుకోండి. ఊళ్ళో మీ అమ్మానాన్నల డాబా మీద పెట్టుకోవాలంటే, 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాటుకి 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు ఆపైన వాటికి 78 వేలు కేంద్రం సబ్సిడీ ఇస్తోంది. ఇక్కడ అపార్ట్‌మెంట్ల సంఘాలకి కూడా లిఫ్టు, మోటారు లాంటి ఉమ్మడి వాడకానికి కిలోవాటుకి 18 వేలు ఉంది. పెట్టించే ముందు ఒక్కటే ప్రశ్న అడగండి: ఐదేళ్ళ తర్వాత దీన్ని చూసేది ఎవరు? దానికి జవాబు దొరికాకే సంతకం పెట్టండి.

మేము పెద్ద చదువు చదవలేదు. లోకాన్ని కాపాడే ఉపాయం మా దగ్గర లేదు. తువాలంత చిన్న దేశం చేసిన తప్పు, మా అంత చిన్న సంఘం చేసిన తప్పు ఒకటే అని తెలిశాక, కిరిబాటి వాళ్ళు దిద్దుకున్నట్టు మనమూ దిద్దుకోగలం అనిపించింది. ఆ మాట చెప్పడానికే రాత్రంతా రైలులో కూర్చుని వచ్చాం.

ఓపిగ్గా విన్నారు. పిల్లలు కూడా మధ్యలో ఫోన్లు పక్కన పెట్టారు, చూశాం. సంతోషం. వచ్చే ఏడు ఇదే సభకి బతికుంటే వస్తాం, రసీదు పుస్తకం కూడా పట్టుకొస్తాం. అడిగి చూడండి.

జై చేనేత. సెలవు.